పెద్ద రోడ్డుకి ఫెడరల్ గ్రాంటు: అమెరికాలో ఒక నగరం మొదటి నుంచి చివరి దాకా చేయాల్సిన పని

డల్లాస్ దగ్గర ఫ్రిస్కో కావచ్చు, న్యూజెర్సీలో ఎడిసన్ కావచ్చు, మనవాళ్ళు ఎక్కువగా స్థిరపడిన శివారు ఊళ్ళలో ఒకే ఫిర్యాదు వినిపిస్తుంది. ఒకప్పుడు పొలాల మధ్య వేసిన రెండు వరుసల రోడ్డు మీద ఇప్పుడు స్కూలు బస్సులు, ఆఫీసుకి వెళ్ళే కార్లు, ట్రక్కులు అన్నీ పోతుంటాయి. కాలిబాట ఉండదు, ఎడమకి తిరగడానికి చోటుండదు. ఏదో ఒక ప్రాణం పోయాక సిటీ కౌన్సిల్ సమావేశం కిటకిటలాడుతుంది. ఇంజినీరు లేచి నాలుగు కోట్ల డాలర్లవుతుందని చెబుతారు. వెనక నుంచి ఎవరో "ఫెడరల్ గ్రాంటు తెచ్చుకోవచ్చుగా" అంటారు.

తెచ్చుకోవచ్చు. నగర ఇంజినీరింగ్ విభాగాల్లో పనిచేస్తూ అలాంటి దరఖాస్తులు చాలానే రాశాను. కొన్ని గెలిచాం, కొన్ని పోయాయి. ఇప్పుడు మనవాళ్ళు సిటీ కౌన్సిళ్ళలో, ప్లానింగ్ కమిషన్లలో, కన్సల్టింగ్ కంపెనీల్లో ఉన్నారు. వాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మన ఊళ్ళో రోడ్డు కావాలంటే ఎమ్మెల్యేకి అర్జీ ఇస్తాం, ఆ ఫైలు రాష్ట్రం నుంచి కేంద్రానికి వెళ్తుంది. ఇక్కడ చాలా గ్రాంట్లకి నగరమే నేరుగా వాషింగ్టన్‌లోని రవాణా శాఖకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ స్వేచ్ఛతో పాటు బాధ్యత కూడా మొత్తం నగరం మీదే పడుతుంది.

ముందే ఒక మాట చెప్పాలి. నిధుల ప్రకటన వచ్చాక మొదలుపెడితే చాలా ఆలస్యమైనట్టే. ప్రకటనకీ గడువుకీ మధ్య దొరికేది సాధారణంగా రెండు మూడు నెలలు. కింద రాసిన పనుల్లో సగానికి పైగా ఆ రెండు నెలల్లో అయ్యేవి కావు. ఏడాదిన్నర, రెండేళ్ళ ముందే మొదలు కావాలి.

1. రోడ్డు గురించి కాకుండా సమస్య గురించి మొదలుపెట్టండి

"ఆరు వరుసల రోడ్డు కావాలి" అనేది కోరిక. "ఈ రెండు మైళ్ళలో అయిదేళ్ళలో ఇంతమంది చనిపోయారు, ఇంతమందికి తీవ్ర గాయాలయ్యాయి, ఫైరింజన్ చేరడానికి ఇన్ని నిమిషాలు ఎక్కువ పడుతోంది" అనేది సమస్య. దరఖాస్తు చదివేవాళ్ళకి మీ ఊరు తెలియదు. వాళ్ళకి కావాల్సింది రెండోది.

అరిజోనాలోని టూసాన్ నగరాన్ని చూడండి. అక్కడ రైలు పట్టాల మీదుగా వెళ్ళే 22వ వీధి వంతెన పాతబడి బరువు పరిమితి పెట్టాల్సి వచ్చింది. ఫైరింజన్లు, స్కూలు బస్సులు చుట్టూ తిరిగి వెళ్ళాల్సి వచ్చేది. ఇది ఎవరికైనా ఒక్క వాక్యంలో అర్థమయ్యే సమస్య. 2021లో ఆ ప్రాజెక్టుకి రైజ్ అనే ఫెడరల్ రవాణా కార్యక్రమం కింద 2.5 కోట్ల డాలర్ల గ్రాంటు వచ్చింది. మీ ప్రాజెక్టుకి కూడా అలాంటి ఒక్క వాక్యం దొరికేదాకా వెతకండి. దొరకకపోతే ఆ ప్రాజెక్టు ఇంకా పక్వానికి రాలేదని నా ఉద్దేశం.

దానికి కావాల్సిన సమాచారం ఇప్పుడే పోగు చేయండి. రాష్ట్రం దగ్గరున్న ప్రమాదాల రికార్డులు కనీసం అయిదేళ్ళవి తీసుకోండి. ప్రమాదాలను మరణం, తీవ్ర గాయం, మామూలు గాయం, వాహన నష్టం అని వేరుచేసి మ్యాపు మీద గుర్తుపెట్టండి. ట్రాఫిక్ లెక్కలు బడి నడిచే రోజుల్లో తీయించండి, వేసవి సెలవుల్లో వద్దు.

2. ఏ గ్రాంటో తేల్చుకోండి

2021 నవంబర్ 15న సంతకమైన మౌలిక వసతుల చట్టం 2022 నుంచి 2026 దాకా అయిదు ఆర్థిక సంవత్సరాలకి నిధులు కేటాయించింది. ఫెడరల్ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది కాబట్టి ఆ చట్టం గడువు 2026 సెప్టెంబర్ 30. ఆ తర్వాత కాంగ్రెస్ చేసే చట్టాన్ని బట్టి పేర్లు, మొత్తాలు మారవచ్చు. పేర్లు మారడం కొత్తేమీ కాదు. 2009లో టైగర్ అని పుట్టిన కార్యక్రమం 2018లో బిల్డ్ అయింది, 2021లో రైజ్ అయింది, 2025లో మళ్ళీ బిల్డ్ అయింది. లోపలి పని పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు.

ఒక నగరానికి ముందుగా చూడాల్సింది ఈ బిల్డ్‌నే. ఆ చట్టం దీనికి ఏటా 150 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఒక ప్రాజెక్టుకి గరిష్ఠంగా 2.5 కోట్లు. నిర్మాణానికైతే పట్టణ ప్రాంతంలో కనీసం 50 లక్షలు, గ్రామీణ ప్రాంతంలో కనీసం 10 లక్షలు. డిజైన్, పర్యావరణ అధ్యయనం లాంటి ప్లానింగ్ పనులకి విడిగా అడగవచ్చు, వాటికి కనీస మొత్తం లేదు. డబ్బు పట్టణ, గ్రామీణ ప్రాంతాలకి సగం సగం పోతుంది. ఒక రాష్ట్రానికి 15 శాతానికి మించి ఇవ్వరు. 2020 జనాభా లెక్కల్లో రెండు లక్షలకి మించిన పట్టణ ప్రాంతంలో మీ ప్రాజెక్టు ఉంటే పట్టణం కిందికి వస్తారు, లేకపోతే గ్రామీణం. చాలా చిన్న నగరాలు తాము గ్రామీణం కిందికి వస్తామని తెలియక నష్టపోతాయి. మ్యాపు చూసుకోండి.

ప్రమాదాలే ప్రధాన సమస్య అయితే "సేఫ్ స్ట్రీట్స్ అండ్ రోడ్స్ ఫర్ ఆల్" అనే కార్యక్రమం ఉంది. అదే చట్టం దానికి అయిదేళ్ళకి 500 కోట్ల డాలర్లు ఇచ్చింది. నిర్మాణ నిధులు అడగాలంటే ముందు నగరానికి ఒక భద్రతా ప్రణాళిక ఉండాలి. ఆ ప్రణాళిక రాయడానికి కూడా గ్రాంటు ఇస్తారు. సరుకు రవాణాకి, హైవేలకి సంబంధించిన భారీ పనైతే ఇన్‌ఫ్రా అనే గ్రాంటు చూడండి. అందులో పెద్ద ప్రాజెక్టులకి కనీస గ్రాంటే 2.5 కోట్లు.

పోటీ ఎంత గట్టిదో కూడా తెలియాలి. 2023లో రైజ్ కింద దేశం మొత్తంలో 162 ప్రాజెక్టులకి సుమారు 220 కోట్ల డాలర్లు ఇచ్చారు. యాభై రాష్ట్రాల్లోని నగరాలు, కౌంటీలు, ట్రాన్సిట్ సంస్థలు, రేవులు, గిరిజన ప్రభుత్వాలు అన్నీ పోటీపడితే వచ్చిన సంఖ్య అది.

3. ప్రాంతీయ ప్రణాళికలో పేరు ఎక్కించండి

యాభై వేల జనాభా దాటిన ప్రతి పట్టణ ప్రాంతానికీ ఒక ప్రాంతీయ రవాణా ప్లానింగ్ సంస్థ ఉంటుంది. అందరూ ఎంపీఓ అంటారు. డల్లాస్-ఫోర్ట్‌వర్త్ చుట్టూ ఆ పని చేసేది నార్త్ సెంట్రల్ టెక్సాస్ కౌన్సిల్ ఆఫ్ గవర్నమెంట్స్. ఫెడరల్ డబ్బుతో పెద్ద రోడ్డు కట్టాలంటే ఆ ప్రాజెక్టు ఎంపీఓ దీర్ఘకాల ప్రణాళికకి తగినట్టుండాలి. నిర్మాణం నాటికి టిప్ అనే నాలుగేళ్ళ జాబితాలోకి, అక్కడి నుంచి రాష్ట్ర జాబితాలోకి ఎక్కాలి. ఇవి సవరించడానికి వాళ్ళ క్యాలెండర్ వాళ్ళకుంటుంది, మన తొందర వాళ్ళకి పట్టదు. అందుకే రెండేళ్ళ ముందే వెళ్ళి ఎంపీఓ సిబ్బందితో కూర్చోండి. మీ పొరుగు నగరాలు ఏమడుగుతున్నాయో కూడా అక్కడే తెలుస్తుంది. ఒకే కారిడార్ మీద రెండు నగరాలు విడివిడిగా పోటీపడడం కంటే కలిసి అడగడం ఎప్పుడూ మేలు.

రోడ్డు రాష్ట్ర హైవే అయితే రాష్ట్ర రవాణా శాఖ ఒప్పుకోలు లేకుండా అడుగు ముందుకి వేయొద్దు.

4. మీ వాటా డబ్బు చూపించండి

ఇక్కడే ఎక్కువ దరఖాస్తులు బలహీనపడతాయి. మామూలుగా ఫెడరల్ డబ్బు మొత్తం ఖర్చులో 80 శాతం దాటకూడదు. బిల్డ్‌లో గ్రామీణ ప్రాంతాలకి, పేదరికం స్థిరపడిపోయిన ప్రాంతాలకి ఈ పరిమితి వర్తించదు, నూరు శాతం దాకా అడగవచ్చు. మిగతావాళ్ళు కనీసం 20 శాతం ఫెడరల్ కాని డబ్బు తేవాలి. ఎంపీఓ ద్వారా వచ్చే నిధులు కూడా చాలావరకు ఫెడరల్ డబ్బే. వాటిని మీ వాటాగా చూపించలేరు.

లెక్క ఇలా వేసుకోండి. రోడ్డు ఖర్చు 4 కోట్ల డాలర్లు అనుకుందాం. బిల్డ్ గరిష్ఠం 2.5 కోట్లు. ఫెడరల్ పరిమితి 80 శాతం అంటే 3.2 కోట్లు. కాబట్టి ఇతర ఫెడరల్ నిధులు 70 లక్షల దాకా కలుపుకోవచ్చు. మిగిలిన 80 లక్షలు బాండ్ల నుంచో, స్థానిక అమ్మకపు పన్ను నుంచో, రాష్ట్ర నిధుల నుంచో, డెవలపర్ల దగ్గర వసూలు చేసే ఇంపాక్ట్ ఫీజుల నుంచో రావాలి.

ఆ 80 లక్షలు "వస్తాయని ఆశిస్తున్నాం" అంటే సరిపోదు. కౌన్సిల్ తీర్మానం ఉండాలి. అందులో ఎంత మొత్తం, ఏ ఖాతా, ఏ సంవత్సరం అన్నీ రాసి ఉండాలి. బాండ్ల మీద ఓటింగ్ కావాలంటే ఎన్నికల తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి పని మొదలుపెట్టండి. ఇంకో విషయం చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. గ్రాంటు ఒప్పందానికి ముందు పెట్టిన ఖర్చు సాధారణంగా తిరిగి రాదు, వాటాలో కూడా లెక్కకి రాదు. నిరుడు డిజైన్ మీద పెట్టిన డబ్బును వాటాగా రాసి, బడ్జెట్ పట్టిక మొత్తం తిరగరాయాల్సి వచ్చిన నగరాన్ని నేను దగ్గర నుంచి చూశాను.

ధరలు పెరిగితే పెరిగిన భారం నగరానిదే. గ్రాంటు మొత్తం పెంచరు. అంచనాలో అనుకోని ఖర్చులకి, ధరల పెరుగుదలకి విడిగా సొమ్ము వేయండి. కట్టే సంవత్సరం ధరల్లో లెక్కించండి, ఇవాళ్టి ధరల్లో కాదు.

5. పని మొదలుపెట్టడానికి సిద్ధంగా ఉన్నామని నిరూపించండి

రవాణా శాఖ దరఖాస్తు యోగ్యతతో పాటు సంసిద్ధతను కూడా విడిగా పరీక్షిస్తుంది. సాంకేతిక సామర్థ్యం, పర్యావరణ అనుమతుల్లో రిస్కు, ఆర్థిక పరిపూర్ణత అని మూడు కోణాల్లో చూస్తారు.

దీనికి కారణం గడువు. 2025 నిధులైతే 2029 సెప్టెంబర్ 30 లోపు ఒప్పందం కుదిరి డబ్బు ప్రాజెక్టుకి ఖాయం కావాలి, 2034 సెప్టెంబర్ 30 లోపు ఖర్చు కావాలి. మొదటి గడువు దాటితే డబ్బు పోతుంది.

పర్యావరణ అనుమతి అంటే 1969 నాటి జాతీయ పర్యావరణ విధాన చట్టం (నీపా) కింద జరిగేది. ఉన్న రోడ్డును పెద్దగా మార్చకుండా బాగుచేస్తే మినహాయింపు వర్గంలో తేలికగా పోతుంది. వెడల్పు చేసి ఇళ్ళు, చెరువులు, చిత్తడి నేలలు తగిలితే పర్యావరణ మదింపు కావాలి. ప్రభావం భారీగా ఉంటే పూర్తి స్థాయి నివేదిక రాయాలి. 2023లో చేసిన సవరణ మదింపుకి ఏడాది, పూర్తి నివేదికకి రెండేళ్ళు గడువు పెట్టింది. అయినా ముందు జరగాల్సిన సర్వేలకి సమయం పడుతూనే ఉంటుంది. దారిలో పార్కు ఉందా, చారిత్రక కట్టడం ఉందా అన్నది మొదటి నెలలోనే చూసుకోండి. వాటికి విడి చట్టాలున్నాయి, అవి రోడ్డు వెళ్ళే దారినే మొత్తం మార్చగలవు.

భూమి విషయంలో మరీ జాగ్రత్త. ఫెడరల్ డబ్బు తగిలే ప్రాజెక్టులో స్థల సేకరణ 1970 నాటి యూనిఫామ్ రీలొకేషన్ చట్టం ప్రకారం జరగాలి. మదింపు వేయించాలి, న్యాయమైన ధర లిఖితంగా చెప్పాలి, ఇల్లు ఖాళీ చేసేవాళ్ళకి పునరావాస సాయం ఇవ్వాలి. గ్రాంటు రాకముందు నగరం సొంత డబ్బుతో కొన్నా సరే, ఈ పద్ధతి తప్పితే తర్వాత ఫెడరల్ డబ్బు ఇరుక్కుంటుంది.

కరెంటు స్తంభాలు, గ్యాస్ పైపులు, ఫైబర్ కేబుళ్ళు ఎవరివో, ఎవరి ఖర్చుతో జరపాలో తేల్చండి. రైలు పట్టాలు దాటాల్సి వస్తే రైల్వే కంపెనీతో ఒప్పందానికి నెలలు కాదు, ఒక్కోసారి ఏళ్ళు పడతాయి. నిర్మాణ గ్రాంటు అడిగేనాటికి కనీసం 30 శాతం డిజైన్ చేతిలో ఉండాలని నా అభిప్రాయం. అంతకంటే తక్కువ ఉంటే ప్లానింగ్ గ్రాంటు అడగండి, అందులో తప్పేమీ లేదు.

6. రిజిస్ట్రేషన్లు

ఫెడరల్ డబ్బు తీసుకునే సంస్థలు నమోదు చేసుకునే సామ్ డాట్ గవ్ వెబ్‌సైటులో నగరానికి నడుస్తున్న రిజిస్ట్రేషన్ ఉండాలి. 2022 ఏప్రిల్ నుంచి సంస్థని గుర్తించే పాత డన్స్ నంబరు పోయి, దాని బదులు అక్షరాలు, అంకెలు కలిపి 12 ఉండే యూఈఐ అనే గుర్తింపు సంఖ్య వచ్చింది. రిజిస్ట్రేషన్ ఏటా పునరుద్ధరించాలి. నగరం అధికారిక పేరు పన్ను శాఖ రికార్డుల్లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. తర్వాత దరఖాస్తు పంపే గ్రాంట్స్ డాట్ గవ్‌లో ఖాతా, సంతకం చేసే అధికారం ఉన్న వ్యక్తి నియామకం. ఇవన్నీ ఒక్క రోజు పనిలా కనిపిస్తాయి, వారాలు పడతాయి.

నేను పనిచేసిన ఒకచోట ఈ రిజిస్ట్రేషన్ చూసుకునే ఉద్యోగి రిటైరయ్యారు. గుర్తుచేసే ఈమెయిళ్ళు ఆవిడ పాత చిరునామాకి వెళ్ళాయి, ఎవరూ చూడలేదు. గడువుకి తొమ్మిది రోజుల ముందు గమనించాం. పూర్తయిన దరఖాస్తు పంపలేకపోయాం. ఆ రోజు పడ్డ టెన్షన్, తర్వాత మిగిలిన బాధ ఇప్పటికీ మరిచిపోలేదు. దయచేసి ఇద్దరు ఉద్యోగుల క్యాలెండర్లలో ఆ తేదీ రాయించండి.

7. లాభం-ఖర్చు విశ్లేషణ

నిర్మాణ గ్రాంటుకి ఇది తప్పనిసరి. అందరూ బీసీఏ అంటారు. రోడ్డు వల్ల సమాజానికి వచ్చే లాభాన్ని డాలర్లలోకి మార్చి, ఖర్చుతో పోల్చి చూపించాలి. ఎలా లెక్కించాలో రవాణా శాఖే మార్గదర్శకం ప్రచురిస్తుంది, ఎక్సెల్ నమూనా కూడా ఇస్తుంది. ఆ సంవత్సరం మార్గదర్శకమే వాడండి, నిరుటిది వాడొద్దు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక నిండు ప్రాణం విలువ అంకెల్లో చెప్పడం మనసుకి కష్టంగా ఉంటుంది. కానీ ఆ అంకె లేకపోతే భద్రత కోసం పెట్టే ఖర్చు లెక్కలో సున్నాగా మిగిలిపోతుంది. 2023 ధరల్లో రవాణా శాఖ పెట్టిన విలువ ఒక మరణం తప్పిస్తే 1.32 కోట్ల డాలర్లు. మీ రోడ్డు మీద అయిదేళ్ళలో ముగ్గురు చనిపోయారనుకుందాం. ఏడాదికి సగటు 0.6. మీరు వేయబోయే మధ్య డివైడర్ వల్ల అలాంటి ప్రమాదాలు 25 శాతం తగ్గుతాయని ఆమోదం పొందిన అధ్యయనం చెబితే, ఏడాదికి 0.15 మరణాలు తప్పుతాయి. దాని విలువ ఏడాదికి 19.8 లక్షల డాలర్లు. గాయాల ప్రమాదాలు, ఆదా అయ్యే ప్రయాణ సమయం, వాహన ఖర్చు, కాలుష్యం దీనికి కలుస్తాయి.

ఆ లాభాలు ఏళ్ళ తరబడి వస్తాయి కాబట్టి ఇవాళ్టి విలువకి తగ్గించాలి. ఈ డిస్కౌంట్ రేటే ఫలితాన్ని తలకిందులు చేస్తుంది. చాలాకాలం 7 శాతం ఉండేది, 2023 చివర 3.1 శాతం చేశారు, 2025లో మళ్ళీ 7కి తెచ్చారు. ఇరవయ్యో ఏట వచ్చే ఒక డాలర్ లాభం 3.1 శాతం రేటులో ఇవాళ 54 సెంట్లు, 7 శాతంలో 26 సెంట్లే. అదే రోడ్డు, అదే ప్రమాదాలు, రేటు మారితే ఆ ఏటి లాభం విలువ సగానికి పడిపోతుంది. అందుకే మీ లాభాలు తొందరగా మొదలయ్యేలా నిర్మాణ దశలు రూపొందించడం మంచిది.

తప్పులు ఎక్కువగా జరిగేవి మూడు చోట్ల. నిర్మాణంలో వచ్చే ఉద్యోగాలను లాభంగా కలపడం ఒకటి, అవి ఖర్చు కిందకే వస్తాయి. ఆస్తుల విలువ పెరుగుదలని ప్రయాణ సమయంతో పాటు కలపడం రెండోది, ఒకే లాభం రెండుసార్లు లెక్కపెట్టినట్టు అవుతుంది. రోడ్డు కట్టకపోతే ఏమవుతుందో నిజాయితీగా చూపించకపోవడం మూడోది. రోడ్డు కట్టకపోయినా నగరం సిగ్నళ్ళు సరిచేస్తుంది, గుంతలు పూడుస్తుంది. ఆ పోలికే సరైన పోలిక. లెక్కలు పెంచి రాస్తే శాఖలోని ఆర్థికవేత్తలు సరిచేసి చూస్తారు, అప్పుడు మీ మాట మీద నమ్మకం కూడా తగ్గుతుంది.

8. రాయడం

నిధుల ప్రకటనని నోఫో అంటారు. దాన్ని ప్రింటు తీసి, ప్రతి "తప్పక" అన్న మాట కింద గీత గీసి, ఎవరు రాయాలో పక్కన పేరు రాయండి. బిల్డ్‌లో భద్రత, పర్యావరణం, జీవన నాణ్యత, రాకపోకలు, ఆర్థిక పోటీతత్వం, రోడ్ల మంచి స్థితి, భాగస్వామ్యం, కొత్త పద్ధతులు అని యోగ్యతా ప్రమాణాలుంటాయి. ప్రభుత్వం మారితే భాష మారుతుంది. 2025లో వాతావరణ మార్పు, ఈక్విటీ మాటలు తీసేశారు. పాత దరఖాస్తు కాపీ చేసి పేస్టు చేస్తే దొరికిపోతారు.

ప్రతి ప్రమాణానికీ ఒక శీర్షిక పెట్టి, నోఫోలో ఉన్న మాటనే వాడి, కింద మీ రుజువు రాయండి. చదివేవాళ్ళు వందల దరఖాస్తులు చూస్తుంటారు, వెతుక్కునే పని పెట్టకూడదు. పేజీల పరిమితి దాటొద్దు. మద్దతు లేఖలు ముప్పై ఒకే మూసలో ఉండే కన్నా అయిదు నిజమైనవి మేలు. అగ్నిమాపక అధికారి స్పందన సమయం గురించి, బడి అధికారులు బస్సు రూట్ల గురించి, వీల్‌చైర్‌లో వెళ్ళే పౌరులు కాలిబాట లేని ఆ అరమైలు గురించి రాస్తే ఆ మాటకి బరువుంటుంది. మన సంఘాలు, గుడి కమిటీలు ఇక్కడ నిజంగా సాయపడగలవు. బహిరంగ సమావేశాలకి వచ్చి, ఆ రోడ్డు మీద తాము రోజూ చూసేది చెబితే అది రికార్డులోకి ఎక్కుతుంది.

గడువుకి మూడు రోజుల ముందు పంపండి. ఆలస్యమైనవి తీసుకోరు.

9. వస్తే

బిల్డ్ ఫలితాలు ఏటా జూన్ 28 లోపు ప్రకటించాలని చట్టంలో ఉంది. ఫొటోలు, చప్పట్లు అయ్యాక అసలు పని మొదలవుతుంది. ప్రకటన వచ్చినంత మాత్రాన డబ్బు ఖాతాలో పడదు. ముందు గ్రాంటు ఒప్పందం కుదరాలి, దానికి తరచూ ఏడాది పైన పడుతుంది. అప్పటిదాకా టెండర్ పిలవొద్దు. తర్వాత కూడా నగరం ముందు చెల్లించి బిల్లులు పెట్టి తిరిగి తీసుకోవాలి కాబట్టి చేతిలో కొన్ని నెలల నగదు ఉండాలి. ఉక్కు, నిర్మాణ సామగ్రి అమెరికాలో తయారైనవే వాడాలి. కూలీలకి 1931 నాటి డేవిస్-బేకన్ చట్టం ప్రకారం ప్రాంతీయ వేతనం ఇవ్వాలి, వారం వారం వేతన పట్టికలు చూడాలి. ఈ కాగితాలు చూసుకోవడానికి ఒక పూర్తికాల ఉద్యోగిని పెట్టుకోండి. ఇంజినీరుకి అదనంగా అప్పగిస్తే రెండు పనులూ చెడతాయి.

10. రాకపోతే

మొదటిసారి రాకపోవడమే మామూలు. కొన్ని దరఖాస్తులకి గట్టి రేటింగు వచ్చినా డబ్బు చాలక "ప్రాజెక్ట్ ఆఫ్ మెరిట్" అన్న గుర్తింపుతో ఆగిపోతాయి. ఏ రేటింగైనా రవాణా శాఖని వివరణ సమావేశం అడగండి, ఇస్తారు. ఆ సమావేశానికి గ్రాంటు రాసినవాళ్ళతో పాటు ఇంజినీరును, ఫైనాన్స్ అధికారిని తీసుకెళ్ళండి. వాదించకండి. ఏ ప్రమాణంలో ఏ రేటింగు వచ్చింది, బీసీఏలో ఏ లెక్క ఒప్పుకోలేదు, సంసిద్ధతలో ఏ రిస్కు కనిపించింది అని మూడే అడిగి, చెప్పిన ప్రతి మాటా రాసుకోండి. మర్నాడే కూర్చుని ఆ నోట్సును పనుల జాబితాగా మార్చి, ఒక్కో పనికి తేదీ వేయండి: కొత్త ట్రాఫిక్ లెక్కలు, సవరించిన అంచనా, పెరిగిన వాటాకి కౌన్సిల్ తీర్మానం, రైల్వే కంపెనీకి మళ్ళీ ఉత్తరం. తర్వాతి నోఫో వచ్చేలోపు మీకు ఆరేడు నెలలే ఉంటాయి.